పొయ్యికి పొదుపు నేర్పిన రంఫర్డ్

మన కావ్యాలలో హేమంత శిశిరాలు వర్ణనకు అనువైన ఋతువులు. తెలుగు నేలపై చలి కొద్ది వారాల ముచ్చట. ఒక కంబళి, ఒక కుంపటి ఉంటే ఆ వారాలు గడిచిపోతాయి. ఐరోపాలోను, అమెరికా ఈశాన్య తీరంలోను పరిస్థితి అది కాదు. అక్కడ శీతకాలం నెలల తరబడి సాగుతుంది. చెరువులు గడ్డకడతాయి, నేల మంచు కింద మరుగుపడుతుంది. ఇంట్లో నిప్పు ఆరిపోతే ప్రాణానికే ముప్పు. రెండు వందల యాభై ఏళ్ల కిందట ఆ దేశాలలోని పేద కుటుంబాలకు కట్టెలు కొంటే రొట్టెకు, రొట్టె కొంటే కట్టెలకు డబ్బు చాలేది కాదు. ఇంత ఖరీదు పెట్టి కొన్న ఇంధనంలో అధిక భాగం ఇంటిని వెచ్చబరచకుండానే పొగగొట్టం గుండా ఆకాశంలోకి పోయేది. తాతముత్తాతలు కట్టిన పొయ్యిలో తప్పు ఉంటుందన్న ఆలోచన చాలామందికి కలగలేదు.

ఆ నిప్పు ఎక్కడికి పోతున్నదని పట్టుదలతో ప్రశ్నించి, సమాధానాన్ని ఇటుక సున్నాలతో కట్టి చూపినవాడు బెంజమిన్ థాంప్సన్. లోకం ఆయనను కౌంట్ రంఫర్డ్ అనే పేరుతో ఎరుగును. ఉష్ణం చలనరూపమని సూచించిన ఫిరంగి ప్రయోగం ద్వారా ఆయన భౌతికశాస్త్ర విద్యార్థులకు సుపరిచితుడు. ఆయన జీవితకాల శ్రమలో మాత్రం ఎక్కువ భాగం పొయ్యి దగ్గరే సాగింది. ఎందరి ఇళ్లనో వెచ్చబరచిన ఆయన తన ఇంటిని నిలుపుకోలేకపోయాడు. ఈ రెండు విషయాలను కలిపి చూసినప్పుడే ఆ జీవితం మనకు పూర్తిగా బోధపడుతుంది.

థాంప్సన్ 1753 మార్చి 26న, అప్పటి బ్రిటిష్ వలస అయిన మసాచుసెట్స్‌లోని వోబర్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. తల్లి మారు వివాహం చేసుకుంది. పదమూడేళ్ల వయసులో అతనిని సేలం పట్టణంలోని ఒక వర్తకుని దుకాణంలో పని నేర్చుకోవడానికి పెట్టారు. కుర్రవాని మనసు బేరసారాల మీద నిలిచేది కాదు. బాణసంచా తయారుచేయబోయి మందు పేలి గాయపడ్డాడు. ఆ గాయం కూడా అతని కుతూహలాన్ని చల్లార్చలేదు. మిత్రునితో కలిసి కాలినడకన హార్వర్డ్ కళాశాలకు వెళ్లి ప్రకృతి శాస్త్ర ఉపన్యాసాలు వినేవాడు.

తరువాత అతడు న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్ పట్టణంలో ఉపాధ్యాయుడుగా కుదిరాడు. ఆ పట్టణానికి పూర్వనామం రంఫర్డ్. అక్కడ సారా రోల్ఫ్ అనే సంపన్న వితంతువుతో 1772లో అతనికి వివాహమైంది. వరుని వయసు పందొమ్మిది. వధువు అతనికంటే సుమారు పద్నాలుగేళ్లు పెద్దది. భార్య పలుకుబడి వల్ల గవర్నరు ప్రాపకం లభించింది, సైనిక హోదా వచ్చింది. ఇంతలో వలసల ప్రజలు బ్రిటిష్ ప్రభుత్వంపై తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. థాంప్సన్ రాజపక్షం వహించాడు. ప్రజాగ్రహానికి వెరచి 1774 చివర ఇల్లు విడిచి పారిపోయాడు. మరుసటి ఏడు తిరుగుబాటుదారుల రహస్యాలను కంటికి కనబడని సిరాతో లేఖ రాసి బ్రిటిష్ వారికి అందజేశాడు. 1776లో బ్రిటిష్ సేన బోస్టన్ నగరాన్ని ఖాళీ చేసినప్పుడు ఇంగ్లాండుకు ఓడ ఎక్కాడు. భార్యను, రెండేళ్లయినా నిండని కుమార్తెను వెనుక వదిలి వెళ్లాడు. ఆ భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు.

లండన్‌లో ఆయన వలసల వ్యవహారాల కార్యాలయంలో చేరి అనతికాలంలోనే ఉన్నత పదవికి ఎదిగాడు. తుపాకి మందుపై చేసిన ప్రయోగాలతో 1779లో రాయల్ సొసైటీ సభ్యత్వాన్ని సంపాదించాడు. యుద్ధం ముగిసే దశలో సైనికాధికారిగా తిరిగి అమెరికాకు వెళ్లి, లాంగ్ ఐలండ్‌లోని హంటింగ్‌టన్ గ్రామంలో విడిది చేశాడు. అక్కడి శ్మశానవాటిక మీదనే కోట కట్టించాడు. సమాధుల రాళ్లతో రొట్టెల పొయ్యిలు కట్టించాడనీ, ఆ రాళ్ల మీది మృతుల పేర్లు రొట్టెలపై తిరగబడి అచ్చుపడ్డాయనీ ఆ గ్రామస్థులు తరతరాలుగా చెప్పుకున్నారు. పేదల పొయ్యిని బాగుచేసిన మనిషి జీవితంలో ఇటువంటి పొయ్యి కూడా ఒకటి ఉన్నదని మరచిపోరాదు.

1784లో ఇంగ్లాండు రాజు ఆయనకు సర్ బిరుదునిచ్చాడు. ఆ ఏడే ఆయన బవేరియా పాలకుడైన కార్ల్ థియొడోర్ కొలువులో చేరి మ్యూనిక్ నగరానికి వెళ్లాడు. అక్కడి సైన్యం దుస్థితిలో ఉంది. సైనికులకు సరైన దుస్తులు లేవు, కడుపునిండా తిండి లేదు. వారికి తక్కువ ఖర్చుతో వెచ్చని దుస్తులు ఎలా సమకూర్చాలన్న ప్రశ్నతో ఆయన ఉష్ణ పరిశోధన కొత్త మలుపు తిరిగింది.

ఆయన ఒక ఉష్ణమాపకాన్ని గాజు గొట్టంలో అమర్చి, దాని చుట్టూ ఒక్కొక్కసారి ఒక్కొక్క పదార్థాన్ని నింపాడు. పట్టు, ఉన్ని, నూలు, నార, కుందేటి బొచ్చు, బాతుల నూగు ఈకలు ఇలా ఎన్నింటినో పరీక్షించాడు. గొట్టాన్ని మరిగే నీటిలో వేడిచేసి, మంచునీటిలో ముంచి, ఎంతసేపటికి చల్లబడుతుందో లెక్కకట్టాడు. బొచ్చు, నూగు ఈకలు వేడిని ఎక్కువసేపు నిలిపాయి. అంతకంటే విలువైన సంగతి మరొకటి బయటపడింది. అదే పట్టు విడివిడి పోగులుగా ఉన్నప్పుడు వేడిని బాగా కాపాడింది. గట్టిగా పేనిన దారంగా ఉన్నప్పుడు అంతగా కాపాడలేదు. పదార్థం ఒక్కటే అయినప్పుడు ఈ భేదానికి కారణం పోగుల నడుమ చిక్కుకున్న గాలే అయి ఉండాలని ఆయన గ్రహించాడు. కదలకుండా నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు. కంబళి వెచ్చదనానికి మూలం ఇదే. శీతల దేశాలలో కిటికీలకు రెండు వరుసల అద్దాలు బిగించడంలోని ప్రయోజనమూ ఇదే.

నిత్యజీవితంలోని చిన్న అనుభవాలను కూడా ఆయన వృథాగా పోనిచ్చేవాడు కాదు. ఉడికించిన ఆపిల్ పండ్ల వంటకం పైకి చల్లారినట్లు కనిపించినా నోరు కాల్చేది. చిక్కని జావ కూడా అంతే. పలుచని నీరు మాత్రం త్వరగా చల్లారేది. ఈ తేడా ఏమిటని ఆయన ఏళ్ల తరబడి ఆలోచించాడు. ఒకనాడు పెద్ద బుడ్డి గల ఉష్ణమాపకాన్ని వేడిచేసి చల్లారడానికి కిటికీలో ఉంచినప్పుడు అందులోని ద్రవంలో తేలే ధూళికణాలు నడుమ పైకి లేస్తూ, అంచుల వెంట కిందికి దిగుతూ కనిపించాయి. ద్రవం తానే కదులుతూ వేడిని మోసుకుపోతున్నదని అర్థమైంది. చిక్కని పదార్థంలో ఆ కదలికకు అడ్డు తగులుతుంది కనుక వేడి నిలిచిపోతుంది. ద్రవాలు, వాయువులు తమంతట తాము ఉష్ణాన్ని ఏమాత్రం ప్రసరింపజేయవని ఆయన అనుకోవడం పొరపాటే. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని సవరించారు. వేడిని నిలపాలంటే గాలి కదలికను అదుపు చేయాలన్న ఆయన సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

మ్యూనిక్ వీధులు ఆ రోజుల్లో యాచకులతో నిండి ఉండేవి. 1790 జనవరి 1న, నూతన సంవత్సర దానాల కోసం యాచకులందరూ వీధుల్లోకి వచ్చే రోజున, థాంప్సన్ సైనికాధికారులను వెంటబెట్టుకొని వారిని పట్టించాడు. ఎవరినీ చెరసాలకు పంపలేదు. పేర్లు రాసుకొని, మరునాటి నుంచి కొత్తగా ఏర్పాటుచేసిన కర్మశాలకు రమ్మన్నాడు. అక్కడ వెచ్చని గదులు, నూలు ఉన్ని వడికే పని, చేసిన పనికి కూలి, మధ్యాహ్నం వేడి భోజనం సిద్ధంగా ఉండేవి. రాత్రికి వారు ఎవరి ఇళ్లకు వారు వెళ్లేవారు. వారి చేతులమీదుగా సైనికుల దుస్తులు తయారయ్యేవి. మనిషిని సన్మార్గంలో పెట్టాలంటే ముందుగా అతనికి సుఖం చూపాలన్నది ఆయన సిద్ధాంతం. ఈ పద్ధతిలో బలప్రయోగం ఉన్నమాట నిజమే. ఆకలితో, చలితో ఉన్నవానికి నీతులు చెప్పి ప్రయోజనం లేదన్న గ్రహింపు కూడా అందులో ఉంది.

వందలాది మందికి రోజూ వండిపెట్టాలంటే ఇంధనమే పెద్ద ఖర్చు. ఆ కాలపు వంటశాలలలో బయలు మంట మీద పాత్రను వేలాడదీసేవారు. మంట నలుదిక్కులా చెదిరి గదిని కాల్చేదే కాని పాత్రకు చేరేది స్వల్పం. థాంప్సన్ పాత్రలను ఇటుక కట్టడంలోకి దించి, ప్రతి పాత్ర కింద చిన్న మూతపొయ్యి ఏర్పరచాడు. నిప్పును ఇనుప ఊచల మీద ఉంచి, బూడిద గది ద్వారం గుండా గాలి ఎంత రావాలో అంతే వచ్చే ఏర్పాటు చేశాడు. వేడి పొగ పాత్ర అడుగున చుట్టి తిరిగిన తరువాతనే గొట్టంలోకి పోయేది. నీరు ఒకసారి మరిగిన తరువాత మంట ఎంత పెంచినా దాని వేడి పెరగదని, ఆ పైన వేసిన కట్టె ఆవిరిగా వృథా అవుతుందని వంటవారికి బోధించాడు. బార్లీ, బఠాణీలు, బంగాళాదుంపలతో చవకైన పుష్టికరమైన సూపు రూపొందించాడు. బంగాళాదుంప అంటే అక్కడి పేదలకు చిన్నచూపు. అందువల్ల మొదట దుంపలను చాటుగా మెత్తగా ఉడికించి, ఆనవాలు తెలియకుండా సూపులో కలిపించాడు. రుచి మరిగిన తరువాత వారే వాటిని అడిగి తిన్నారు.

ఈ సేవలకు మెచ్చి ఆయనకు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు కౌంట్ పదవినిచ్చారు. పదవికి ఏ పేరు కావాలన్నప్పుడు ఆయన తాను విడిచివచ్చిన ఊరి పాత పేరును, రంఫర్డ్ అన్నదానిని, కోరుకున్నాడు. ఆ ఊరిలోనే ఆయన భార్య 1792లో కన్నుమూసింది.

మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగులను తొలిచే పనిని పర్యవేక్షిస్తున్నప్పుడు లోహం విపరీతంగా వేడెక్కడం ఆయన దృష్టిని ఆకర్షించింది. ఉష్ణం కెలోరిక్ అనే సూక్ష్మ ద్రవమని ఆనాటి పండితుల విశ్వాసం. ఆయన ఒక లోహపు దిమ్మెను నీటి పెట్టెలో ఉంచి, గుర్రాల బలంతో మొద్దుబారిన బరమాను దానిపై తిప్పించాడు. సుమారు రెండున్నర గంటలకు, ఏ నిప్పూ లేకుండానే, నీరు మరిగింది. రాపిడి సాగినంతసేపు వేడి పుడుతూనే ఉంది. తరగని ఈ ఉష్ణం పదార్థం కాజాలదని, అది ఒక విధమైన చలనమేనని ఆయన 1798లో రాయల్ సొసైటీకి నివేదించాడు. తరువాతి శతాబ్దంలో ఉష్ణశాస్త్రం ఆ బాటనే నడిచింది.

అంతకు ముందే, 1795లో, రంఫర్డ్ లండన్‌కు తిరిగివచ్చాడు. నగరం మీద నల్లని రాక్షసిబొగ్గు పొగ కమ్ముకొని ఉండేది. అందరికీ అది మురికిగా కనబడితే, ఆయనకు కాలకుండా గాలిలో కలిసిపోయిన ఇంధనంగా కనబడింది. ఇంగ్లాండు ఇళ్లలో గదిని వెచ్చబరచే పొయ్యిని గోడలోనే పెద్ద గూడులా కట్టేవారు. గూడు లోతుగా, పక్కగోడలు నిటారుగా, పొగగొట్టం మొదలు మనిషి పట్టేంత వెడల్పుగా ఉండేవి. ఆ వెడల్పు మార్గం పొగతోపాటు గదిలోని వెచ్చని గాలిని కూడా పీల్చివేసేది. అలా పోయిన గాలికి బదులు తలుపు సందులనుంచి చలిగాలి దూసుకువచ్చేది. మంటముందు కూర్చున్నవారికి ముఖం కాలిపోతుంటే వీపు గడ్డకట్టేది. గాలి ఎదురుతిరిగితే పొగ గదినిండా కమ్మేది. ఇంకా బొగ్గు వేస్తే ఇంకా గాలి పోయేది. ఖర్చు పెరిగేదే కాని చలి తగ్గేది కాదు.

రంఫర్డ్ చెప్పిన చికిత్స సులభమైనది. మొదటిది, పొగగొట్టం మెడను నాలుగు అంగుళాలకు ఇరుకు చేయాలి. పొగ పోవడానికి అది చాలు, గది గాలి పోవడానికి చాలదు. రెండవది, గూడు లోతు తగ్గించి నిప్పును గదివైపు ముందుకు తేవాలి. మూడవది, పక్కగోడలను వెనుకగోడతో 135 డిగ్రీల కోణంలో బయటికి విచ్చుకొనేట్లు కట్టాలి. అప్పుడు మంట నుంచి వెలువడే ఉష్ణకిరణాలు వాటికి తగిలి గదిలోకి మరలుతాయి. నాలుగవది, వేడిని మింగే ఇనుప పలకలకు బదులు ఇటుకలు వాడి, మసిపట్టని చోట్ల వెల్ల వేయాలి. గది చలిని పోగొట్టేది ముఖ్యంగా మంట నుంచి కిరణాల రూపంలో వచ్చే వేడి అనీ, పొగతో లేచిపోయే వేడి గదికి దక్కదనీ ఆయన వివరించాడు. ఈ మార్పుకు కొత్త యంత్రం అక్కరలేదు. కొద్దిపాటి ఇటుకలు, సున్నం, నేర్పుగల తాపీమేస్త్రి ఉంటే చాలు. అంతకు ముందుకంటే ఎక్కువ వెచ్చదనం పొందుతూ ఇంధనంలో సగానికి తగ్గకుండా ఆదా చేయవచ్చని ఆయన అంచనా.

1796లో వెలువడిన ఆయన వ్యాసం నగరమంతా ప్రచారమైంది. ధనవంతులు పాత పొయ్యిలను విప్పించి రంఫర్డ్ పొయ్యిలు కట్టించుకున్నారు. అమెరికాలో థామస్ జెఫర్సన్ తన మాంటిసెల్లో భవనంలో వాటిని పెట్టించాడు. జేన్ ఆస్టిన్ నవలలో సైతం రంఫర్డ్ పొయ్యి ప్రస్తావన కనిపిస్తుంది. జేమ్స్ గిల్‌రే అనే వ్యంగ్య చిత్రకారుడు, తన పొయ్యికి వీపు కాచుకుంటున్న కౌంట్‌ను 1800లో బొమ్మగా గీసి నవ్వించాడు. ఇంతటి గిరాకీ గల ఈ నిర్మాణంపై రంఫర్డ్ పేటెంటు తీసుకోలేదు. కొలతలను, పటాలను అచ్చువేసి, ఎవరైనా కట్టుకోవడానికి వీలుగా విడిచిపెట్టాడు. కీర్తిని అమితంగా ఆశించిన మనిషి ఈ ఒక్క విషయంలో ధనాన్ని ఆశించకపోవడం గమనింపదగినది.

విజ్ఞానం సామాన్యుని ఇంటికి చేరాలన్న లక్ష్యంతో 1799లో ఆయన చొరవ వల్ల లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడింది. హంఫ్రీ డేవీ, మైకేల్ ఫారడే వంటి మహనీయులకు అది కార్యక్షేత్రమైంది. ఉష్ణం, కాంతి విషయాలలో ఉత్తమ పరిశోధనలకు పతకాలివ్వడానికి 1796లోనే రాయల్ సొసైటీకి, అమెరికాలోని విద్వత్పరిషత్తుకు విరాళాలిచ్చాడు. తాను ద్రోహం తలపెట్టిన దేశానికి ఆ విధంగా కొంత ఋణం చెల్లించుకున్నాడు.

1796లో కుమార్తె సారా తండ్రిని వెదుక్కుంటూ సముద్రం దాటి లండన్ వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు నిండలేదు. ఎవరన్నది తెలియని తండ్రితో ఆమె కొన్నేళ్లు గడిపి అమెరికాకు తిరిగివెళ్లింది. రంఫర్డ్ సహచరులతో పొసగక లండన్ విడిచి పారిస్ చేరాడు. కెలోరిక్ సిద్ధాంతాన్ని బలపరచిన మహాశాస్త్రవేత్త లవోయిజర్ భార్యను, ఆయన మరణానంతరం పదకొండేళ్లకు, 1805లో వివాహమాడాడు. ఆమెకు అతిథులు ప్రాణం. ఆయనకు ఏకాంతం ప్రాణం. ఒకసారి ఆమె పిలిచిన అతిథులను రానివ్వకుండా ఆయన తోట ద్వారానికి తాళం వేస్తే, ఆమె కోపంతో ఆయన ప్రాణప్రదంగా పెంచిన పూలమొక్కలపై మరిగే నీళ్లు పోసింది. ఉష్ణాన్ని అంత సూక్ష్మంగా కొలిచినవానికి ఇంటిలోని తాపాన్ని చల్లార్చే ఉపాయం తోచలేదు. 1809లో వారు విడిపోయారు.

చివరి రోజులలో ఆయన పారిస్ శివారైన ఓతీయ్‌లో నివసించాడు. తెల్లని దుస్తులు శరీరపు వేడిని తక్కువగా వెలువరిస్తాయన్న నమ్మకంతో శీతకాలంలో తెల్లటి కోటు, తెల్లటి టోపీ ధరించి తిరిగేవాడు. చూసినవారు నవ్వుకున్నా లక్ష్యపెట్టేవాడు కాదు. 1814 ఆగస్టు 21న అక్కడనే మరణించాడు. సారా తన చివరి సంవత్సరాలను తల్లి ఊరైన కాంకర్డ్‌లో గడిపింది. 1852లో మరణిస్తూ, తల్లి లేని పేద బాలికల ఆశ్రమానికి తన ఇంటిని, ఆస్తిని రాసి ఇచ్చింది. తండ్రి ఎక్కువ కాలం నిలువలేని ఆ ఊరిలో కూతురు చేసిన ఆ ఏర్పాటు వల్ల దిక్కులేని పిల్లలకు ఒక నీడ దొరికింది.

రంఫర్డ్ పట్టుకున్న సమస్య చలిదేశాలకే పరిమితం కాదు. కట్టెపొయ్యి పొగలో కళ్లు మండించుకుంటూ వండిన తల్లులు మన పల్లెలలో ఎందరో. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకం వెలువరించాడు. నిప్పును మూసి, గాలిని అదుపుచేసి, పొగకు దారి చూపే ఆలోచన అక్కడా ఇక్కడా ఒక్కటే.

రంఫర్డ్ ఆదర్శపురుషుడు కాడు. ఆశ్రయించినవారిని విడిచాడు, నమ్మినవారిని వంచించాడు. ఆయన దోషాలను ఆయన పొయ్యి కడిగివేయదు. అలాగే ఆ దోషాలవల్ల ఆ పొయ్యి ఇచ్చిన వెచ్చదనమూ తగ్గదు. పొదుపు అంటే చలికి ఓర్చుకోవడమని లోకం అనుకున్న కాలంలో, వృథాగా పోయేదానిని ఆపడమే పొదుపని ఆయన ఋజువు చేశాడు. కొత్తగా కట్టెలు తెచ్చే ముందు పాత వేడి ఎక్కడినుంచి జారిపోతున్నదో చూడాలన్న ఆ పాఠం నేటి ఇళ్లకు కూడా వర్తిస్తుంది.